ఎరుపు నుండి పసుపు వరకు: హీమ్ విచ్ఛిత్తి, పైత్యరస వర్ణకాల విసర్జన

ఒంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు చర్మం చిట్లకపోయినా లోపలి సన్నని రక్తనాళాలు తెగి ఆ చోటు కమిలిపోవడం మనమందరం ఎరిగినదే. మొదట ఎర్రగా, తరువాత నల్లగా, నీలంగా కనిపించిన ఆ మచ్చ కొన్నాళ్ళకు ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది. మరికొన్నాళ్ళకు పసుపు వన్నె దేరి, ఆ పైన ఆనవాలు లేకుండా మాసిపోతుంది. మందు రాసినా రాయకపోయినా సాధారణంగా ఈ రంగులు ఇంచుమించు ఇదే వరుసలో వచ్చిపోతాయి. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థాన్ని శరీరం ఒక్కొక్క మెట్టుగా విడగొట్టేటప్పుడు పుట్టే రంగులివి. చర్మం కింద కంటికి కనిపించేటట్లు జరిగే ఈ పనే, కంటికి కనిపించకుండా మన ప్లీహంలోను, కాలేయంలోను అనుక్షణమూ జరుగుతున్నది.

ఈ పని ఎక్కడైనా తడబడినప్పుడు కళ్ళు పచ్చబడతాయి. దానినే తెలుగులో పచ్చకామెర్లు, పసిరికలు అనీ, ఉర్దూలో యర్ఖాన్ అనీ అంటున్నాము. కామెర్లు అనగానే మన ఇళ్ళలో భయమూ ఎక్కువే, తలకొక రకంగా చెప్పే వైద్యమూ ఎక్కువే. కాని ఆ పసుపు తనంతట తాను ఒక రోగం కాదు. లోపల ఏదో ఒక మెట్టు వద్ద పని ఆగిందని తెలిపే గుర్తు అది. ఏ మెట్టు వద్ద ఆగిందో తెలిసినప్పుడే తగిన చికిత్స ఏదో తెలుస్తుంది. ఆ మెట్లను వరుసగా పరిచయం చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ప్రాచీనుల ఊహ

పైత్యాన్ని గురించిన ఆలోచన మనకు కొత్త కాదు. యునానీ వైద్యం శరీరంలో రక్తం, కఫం, సఫ్రా, సౌదా అనే నాలుగు ద్రవాలను చెప్పింది. వీటిలో సఫ్రా అంటే పసుపు పైత్యం, సౌదా అంటే నల్ల పైత్యం. ఆయుర్వేదంలో సుశ్రుతుడు రంజక పిత్తానికి యకృత్తు, ప్లీహం స్థానాలని పేర్కొన్నాడు. రంగులేని అన్నరసానికి ఎరుపు రంగు కలిగించి రక్తంగా మార్చేది ఈ రంజక పిత్తమని ఆ శాస్త్రం భావించింది.

నేటి శాస్త్రం కూడా రక్తపు రంగుకు ఈ రెండు అవయవాలతోనే సంబంధం చెబుతున్నది. అయితే పుట్టిన తరువాత మనిషికి ఎర్ర రక్తకణాలు తయారయ్యేది ఎముకల మజ్జలో. ప్లీహం, కాలేయం ఆ రంగును విడగొట్టే చోట్లు. పూర్వులు స్థానాలను గుర్తించారు. అక్కడ జరిగే పని ఏమిటో తెలియడానికి రసాయన శాస్త్రం ఎదగవలసి వచ్చింది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ విర్కో 1847లో పాత రక్తపు గడ్డలలో నారింజ వన్నె స్ఫటికాలను వర్ణించి వాటికి హీమటాయిడిన్ అని పేరు పెట్టాడు. ఈ స్ఫటికాలూ, పైత్యరసంలోని పసుపు వర్ణకమైన బిలిరుబినూ ఒకటేనని తరువాత తేలింది. రక్తపు ఎరుపే పైత్యపు పసుపు అవుతున్నదనడానికి దొరికిన తొలి ఆధారాలలో అది ముఖ్యమైనది.

హీమ్ స్వభావం

ఎర్ర రక్తకణంలో ఉండే హీమోగ్లోబిన్‌లో రెండు భాగాలున్నాయి. గ్లోబిన్ అనే ప్రోటీను ఒకటి, హీమ్ రెండవది. పైరోల్ అనే చిన్న వలయాలు నాలుగు ఒక పెద్ద వలయంగా కూడి, దాని నడుమ ఒక ఇనుప పరమాణువు ఇమిడి ఉంటే అది హీమ్. ఆకులలోని పత్రహరితం కూడా ఇటువంటి వలయమే. దాని నడుమ ఇనుముకు బదులు మెగ్నీషియం ఉంటుంది. ఈ రెండింటి నిర్మాణాన్ని శోధించినందుకు, ముఖ్యంగా హీమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసినందుకు జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఫిషర్‌కు 1930లో నోబెల్ బహుమతి లభించింది.

హీమోగ్లోబిన్‌లో ఒదిగి ఉన్నంతకాలం హీమ్ మనకు ప్రాణదాత. ఊపిరితిత్తులలో ఆక్సిజన్‌ను అందుకొని కణకణానికీ చేరవేసేది అదే. కాని ప్రోటీను నుండి విడివడిన హీమ్ ప్రమాదకారి. దానిలోని ఇనుము ఆక్సిజన్‌ను తీవ్ర చర్యాశీలమైన రూపాలుగా మార్చి, కణాల పొరలలోని కొవ్వు పదార్థాలను, ప్రోటీనులను దెబ్బతీస్తుంది. అందువల్ల పాతబడిన హీమ్‌ను శరీరం ఎక్కడపడితే అక్కడ వదలివేయలేదు. విడగొట్టి తీరవలసిందే.

ఈ పని పరిమాణం కూడా తక్కువది కాదు. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పెద్దవారి శరీరంలో ప్రతి సెకనుకూ ఇరవై లక్షలకు పైగా కణాలు ఆయువు తీరి తొలగిపోతున్నాయి. అంటే రోజుకు సుమారు 6 గ్రాముల హీమోగ్లోబిన్ విచ్ఛిన్నమవుతున్నది. దాని నుండీ, ఇతర హీమ్ ప్రోటీనుల నుండీ రోజుకు దాదాపు 250 నుండి 300 మిల్లీగ్రాముల బిలిరుబిన్ తయారవుతున్నది. ఇందులో ఇంచుమించు 80 శాతం ముసలి రక్తకణాల వాటా. మిగిలినది కండరాలలోని మయోగ్లోబిన్, కాలేయంలోని సైటోక్రోములు మొదలైన వాటి నుండీ, మజ్జలోనే పూర్తిగా ఎదగకుండా నశించిన కణాల నుండీ వస్తుంది.

విచ్ఛిత్తిలోని మెట్లు

పాత ఇల్లు విప్పేవాడు దూలాలను, తలుపులను, పనికివచ్చే ఇటుకలను వేరుగా తీసి దాచుకొంటాడు. మిగిలిన మట్టిని బయట పోస్తాడు. శరీరం అనుసరించే పద్ధతి కూడా అదే. ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలో ఉండే భక్షక కణాలు ముసలి రక్తకణాలను మింగుతాయి. గ్లోబిన్ అమైనో ఆమ్లాలుగా విడిపోయి తిరిగి ప్రోటీనుల నిర్మాణానికి పనికివస్తుంది. మిగిలిన హీమ్‌పై హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైము పని మొదలు పెడుతుంది. 1968లో టెన్‌హునెన్, మార్వర్, ష్మిడ్ అనే శాస్త్రజ్ఞులు ఈ ఎంజైమును వెల్లడించారు.

ఈ ఎంజైము మూడు ఆక్సిజన్ అణువులను ఉపయోగించి హీమ్ వలయాన్ని ఒక నిర్దిష్టమైన చోట తెంపుతుంది. దండను ముడి వద్ద తెంపితే అది సరంగా సాగినట్లు, వలయం పోయి నాలుగు పైరోల్‌ల గొలుసు మిగులుతుంది. ఈ చర్యలో మూడు పదార్థాలు వెలువడతాయి. మొదటిది ఇనుము. రెండవది కార్బన్ మోనాక్సైడ్. మూడవది ఆకుపచ్చని బిలివర్డిన్. కమిలిన చోట కనిపించే ఆకుపచ్చ ఛాయ దీనిదే.

ఇనుమును శరీరం ఎంతో పొదుపుగా వాడుకొంటుంది. రోజూ కొత్త రక్తకణాల తయారీకి 20 నుండి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆహారం నుండి మనం గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలినదంతా ఈ విచ్ఛిత్తి ద్వారా తిరిగి లభించినదే. ఇక కార్బన్ మోనాక్సైడ్ అంటే బొగ్గుల కుంపటి పొగలో ఉండే విషవాయువు. అది మన శరీరంలోనూ కొద్దిగా పుడుతున్నదని, అందుకు ముఖ్యకారణం హీమ్ విచ్ఛిత్తేనని తెలిసినప్పుడు ఆశ్చర్యం కలుగక మానదు. ఆ స్వల్ప పరిమాణం ఊపిరితో బయటికి పోతుంది.

తరువాతి మెట్టులో బిలివర్డిన్ రిడక్టేజ్ అనే మరొక ఎంజైము ఆకుపచ్చని బిలివర్డిన్‌ను బిలిరుబిన్‌గా మారుస్తుంది. లాటిన్ భాషలో బిలిస్ అంటే పైత్యం, రూబర్ అంటే ఎరుపు. శుద్ధమైన బిలిరుబిన్ నారింజ ఎరుపు వన్నె కలది. పలుచబడితే పసుపుగా కనిపిస్తుంది.

ఇతర జంతువుల రీతి

ఇక్కడ జిజ్ఞాసువులకు ఒక సందేహం రావాలి. బిలివర్డిన్ నీటిలో కరుగుతుంది. దానిని ఉన్నదున్నట్లుగా విసర్జించవచ్చును. బిలిరుబిన్ నీటిలో కరగదు, కొవ్వులో కలిసిపోతుంది, మితిమీరితే మెదడుకు హాని చేస్తుంది. సులభంగా పోయేదానిని కష్టపడి పోగొట్టవలసినదిగా మార్చడంలో ప్రయోజనం ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం జంతువులను పోల్చి చూస్తే లభిస్తుంది. పక్షులు, సరీసృపాలు, ఉభయచరాలు చాలావరకు బిలివర్డిన్ వద్దనే ఆగిపోతాయి. కోడిని శుభ్రం చేసేవారు కాలేయానికి అంటిన చేదు సంచి చిట్లకుండా జాగ్రత్తగా తీసివేస్తారు. ఒకవేళ చిట్లితే పారే రసం ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం బిలివర్డిన్‌దే. గోరింక గుడ్డు పెంకు నీలిరంగు, ఈము పక్షి గుడ్డు ముదురు పచ్చ కూడా ఈ జాతి వర్ణకం వల్ల కలిగినవే. నాటుకోడి గుడ్డు గోధుమ వన్నెకు కారణం ప్రోటోపార్ఫిరిన్. అది ఇనుము చేరని హీమ్ వలయం. న్యూగినీ దీవిలో కొన్ని నలికిరి జాతుల రక్తంలో బిలివర్డిన్ ఎంత అధికంగా నిలువ ఉంటుందంటే, వాటి రక్తం, కండలు, ఎముకలు కూడా పచ్చగా కనిపిస్తాయి. అయినా అవి ఆరోగ్యంగా జీవిస్తున్నాయి.

గుడ్డు పెట్టే జంతువు పిల్ల తన మలినాన్ని పెంకులోపలే దాచుకోవచ్చును. తల్లి గర్భంలో పెరిగే పిల్లకు ఆ వీలు లేదు. దాని మలినాన్ని తల్లి రక్తమే తీసుకొనిపోవాలి. నీటిలో కరిగే బిలివర్డిన్ మాయ పొరలను సులభంగా దాటలేదు. కొవ్వులో కరిగే బిలిరుబిన్ దాటగలదు. గర్భస్థ శిశువు తన బిలిరుబిన్‌ను తల్లికి అప్పగిస్తుంది. తల్లి కాలేయం దానిని వదిలించుకొంటుంది. క్షీరదాలు ఈ అదనపు మెట్టును ఎందుకు నిలుపుకొన్నవో చెప్పడానికి శాస్త్రజ్ఞులు చూపిన ముఖ్యమైన కారణం ఇది. మరొక ప్రయోజనం కూడా ఉన్నది. పరిమితంగా ఉన్న బిలిరుబిన్ ఆక్సీకరణ వల్ల కలిగే హానిని అడ్డుకొంటుందని 1987లో స్టాకర్, ఏమ్స్, వారి సహచరులు ప్రయోగపూర్వకంగా చూపించారు.

క్షీరదాలలో కూడా అన్నింటి రీతీ ఒకటి కాదు. కుందేలు పైత్యరసంలో బిలివర్డిన్ పాలు ఎక్కువ. కుక్క మాయ అంచున ముదురు ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. అక్కడ నిలిచిన తల్లి రక్తం నుండి పుట్టిన బిలివర్డినే అందుకు కారణం. గుర్రానికి, ఎలుకకు పిత్తాశయమే లేదు. గుర్రం కొద్దిరోజులు మేత మానితే చాలు, దాని రక్తంలో బిలిరుబిన్ పెరిగి కళ్ళు పచ్చబడతాయి. ఇక పూర్వకాలం నుండి వైద్యంలోను, తిలకానికీ వాడుతున్న గోరోచనం పశువుల పిత్తాశయంలో ఏర్పడే రాయి. దాని పసుపు వన్నెకు బిలిరుబిన్, దాని కాల్షియం లవణాలు కారణం.

విడగొట్టలేని జీవి

హీమ్‌ను విడగొట్టడం ఎంత అవసరమో తెలియడానికి, ఆ పని చేయలేని ఒక జీవిని చూడాలి. మలేరియా పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను తిని బ్రతుకుతుంది. గ్లోబిన్ దానికి ఆహారం. మిగిలిన హీమ్ దానికీ విషమే. మనవలె దానిని విడగొట్టి వదిలించుకొనే మార్గం లేక, ఆ పరాన్నజీవి హీమ్‌ను నీటిలో కరగని నల్లని స్ఫటికాలుగా కట్టి మూలకు నెడుతుంది. ఆ నల్లని వర్ణకాన్ని హీమోజోయిన్ అంటారు.

ఈ వర్ణకానికి మన ప్రాంతంతో చారిత్రకమైన సంబంధం ఉన్నది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన ఒక దోమను కోసి సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. దాని పొట్ట గోడలో వింత కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవిలో ఉండేటటువంటి నల్లని రేణువులే ఉన్నాయి. ఆ నలుపు గుర్తుతోనే మలేరియాకు దోమకు గల సంబంధం బయటపడింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆనాడు రాస్ చూచినది జీర్ణం కాని హీమ్ అన్నమాట. మలేరియాకు చిరకాలం వాడిన క్లోరోక్విన్ కూడా హీమ్ స్ఫటికాలుగా కట్టకుండా అడ్డుకొని, ఆ విషంతోనే పరాన్నజీవిని చంపుతుంది.

కాలేయం చేసే పని

తిరిగి మన శరీరానికి వద్దాము. ప్లీహంలో తయారైన బిలిరుబిన్ కాలేయానికి చేరాలి. దాని అణువు మడతపెట్టిన కాగితం వలె వంగి, నీటితో కలియగల భాగాలను హైడ్రోజన్ బంధాలతో లోపలికి ముడుచుకొని ఉంటుంది. అందుకే అది నీటిలో కరగదు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీను దానిని తన వీపున మోసుకొనిపోతుంది. కాలేయ కణాలు దానిని అందుకొని, ఒక్కొక్క అణువుకు సాధారణంగా రెండు గ్లూకురోనిక్ ఆమ్లపు అణువులను జతచేస్తాయి. ఈ జతతో ముడుత విడిపోయి బిలిరుబిన్ నీటిలో కరిగేదవుతుంది. దీనిని సంయుక్త బిలిరుబిన్ అనవచ్చును. తరువాత అది పైత్యరసంతో కూడి పిత్తనాళాల గుండా చిన్నప్రేగులోకి ప్రవహిస్తుంది.

చివరి మెట్టు మన కణాలది కాదు. పెద్దప్రేగులో నివసించే బాక్టీరియాలు సంయుక్త బిలిరుబిన్ జతను విడదీసి, దానిని వర్ణరహితమైన యూరోబిలినోజెన్‌గా మారుస్తాయి. ఈ మార్పు చేసే బాక్టీరియా ఎంజైమును 2024లో మాత్రమే స్పష్టంగా గుర్తించగలిగారు. చాలామంది శిశువులలో పుట్టిన తొలి నెలలలో ఈ ఎంజైము కనిపించదని కూడా ఆ పరిశోధనలో తేలింది. యూరోబిలినోజెన్‌లో అధికభాగం గాలి తగిలి స్టెర్కోబిలిన్‌గా మారి మలానికి గోధుమ రంగు కలిగిస్తుంది. కొంత భాగం రక్తంలోకి పీల్చబడి చాలావరకు తిరిగి కాలేయానికి చేరుతుంది. స్వల్పభాగం మూత్రపిండాల గుండా పోయి యూరోబిలిన్‌గా మారి మూత్రానికి లేత పసుపునిస్తుంది. ఈ విధంగా మనం రోజూ విసర్జించే రెండు రంగులు కూడా ఒకప్పుడు రక్తపు ఎరుపే.

పసుపు తెలిపే మూడు జాడలు

ఆరోగ్యవంతుని 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో బిలిరుబిన్ సుమారు 1 మిల్లీగ్రాముకు మించదు. రెండు మూడు మిల్లీగ్రాములు దాటినప్పుడు కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది. ఎక్కడ చిక్కు వచ్చిందో చెప్పడానికి మూత్రం, మలం రంగులే మంచి సాక్షులు.

రక్తకణాలు మితిమీరి నశిస్తే కాలేయం శక్తికి మించి బిలిరుబిన్ పోగవుతుంది. అది అల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక మూత్రంలోకి దిగదు. మలం రంగు ముదురుతుంది. సికిల్ సెల్ వ్యాధి, మలేరియా, కొన్ని వంశపారంపర్య రక్తదోషాలు ఈ కోవలోనివి. రెండవది కాలేయ కణాలే దెబ్బతినడం. కలుషిత జలం, ఆహారం ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఏ, ఈ. రక్తం మొదలైన మార్గాల ద్వారా వ్యాపించే బి, సి. మితిమీరిన మద్యపానం, కొన్ని మందులు ఇందుకు కారణాలు. మూడవది దారి మూసుకొనిపోవడం. పిత్తనాళంలో రాయి గాని, గడ్డ గాని అడ్డుపడితే సంయుక్త బిలిరుబిన్ ప్రేగుకు చేరక రక్తంలోకి వెనుదిరుగుతుంది. నీటిలో కరుగుతుంది కనుక మూత్రంలోకి దిగి దానిని ముదురు గోధుమ వన్నెకు తెస్తుంది. వర్ణకం చేరని మలం సున్నం వలె, బూడిదమట్టి వలె పాలిపోతుంది.

ఈ మూడింటికీ కంటిలో కనిపించే పసుపు ఒకటే. చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. ఒకరికి విశ్రాంతి చాలవచ్చును. మరొకరికి శస్త్రచికిత్స తప్పదు.

పసికందుల కామెర్లు

గర్భంలో ఉన్నంతకాలం తల్లి కాలేయం మీద ఆధారపడిన శిశువు, పుట్టిన క్షణం నుండి తన పని తానే చేసుకోవాలి. శిశువు రక్తకణాల ఆయువు పెద్దవారి కంటే తక్కువ. బిలిరుబిన్ ఉత్పత్తి శరీరపు బరువును బట్టి చూస్తే పెద్దవారికి రెట్టింపు. జత కలిపే ఎంజైము ఇంకా పుంజుకోలేదు. అందువల్ల రెండవ మూడవ రోజున చాలామంది శిశువులు కొద్దిగా పచ్చబడి, తరువాత వారికి దానంతట అదే తగ్గిపోవడం సహజం. కాని పుట్టిన 24 గంటల లోపలే పసుపు కనిపించినా, అరికాళ్ళ వరకు పాకినా, శిశువు పాలు తాగక మగతగా పడిఉన్నా ఆలస్యం చేయరాదు. హద్దు మీరిన బిలిరుబిన్ మెదడులో చేరితే చెవుడు, అవయవాల వంకరలు, ప్రాణాపాయం కలుగవచ్చును.

దీనికి నేడు వాడే నీలికాంతి చికిత్స ఒక నర్సు చూపు నుండి పుట్టింది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్, పచ్చబడిన ఒక శిశువుకు ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, బట్ట కప్పిన చోట నిలిచి ఉండడం గమనించి వైద్యులకు చూపించింది. క్రెమర్, అతని సహచరులు దీనిని పరిశోధించి 1958లో ప్రకటించారు. కాంతి తగిలినప్పుడు బిలిరుబిన్ అణువు ముడుత విడివడి, కాలేయం జత కలపకుండానే పైత్యరసంలోకి పోగల రూపానికి మారుతుంది. అయితే ఇంటి ముంగిట ఎండ చూపడం ఈ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదని మరువరాదు. ఎండలో కాంతికి కొలత లేదు. వడదెబ్బ భయమూ ఉన్నది.

కొందరు పిల్లలకు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే కొరవడి ఉంటుంది. అటువంటి శిశువుకు, పెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండల ఆవిరి తగిలినా రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చును. దాచిన పాత బట్టలను పసిబిడ్డకు తొడిగే ముందు ఈ సంగతి ప్రతి తల్లీ తెలుసుకోవాలి. అదే విధంగా, రెండు వారాలు గడిచినా పసుపు తగ్గక, మలం తెల్లగా పోతున్న శిశువుకు పిత్తనాళాలు మూసుకొనిపోయి ఉండవచ్చును. దానికి జపాన్ శస్త్రవైద్యుడు మోరియో కసాయి రూపొందించిన శస్త్రచికిత్స ఉన్నది. అది రెండు నెలల లోపల జరిగితే ఫలితం మెరుగుగా ఉంటుంది. ఆ రెండు నెలలను పసరు మందులతో గడిపితే తిరిగి రాని కాలం పోయినట్లే.

పసరు, సున్నపు నీరు

మన ప్రాంతాలలో కామెర్లకు పసరు తాగించడం, మంత్రించడం, వాతలు పెట్టడం వంటి పద్ధతులు ఉన్నాయి. కొన్నిచోట్ల చేతులకు చెట్టు బెరడు పసరు పూసి సున్నపు నీటితో కడిగిస్తారు. నీరు పచ్చబడుతుంది. కామెర్లు దిగినవని రోగి సంతోషిస్తాడు. పైన చెప్పిన మెట్లను ఎరిగినవారు ఇందులో నిజమెంతో తామే తేల్చుకోగలరు. అల్బుమిన్‌ను అంటుకొని రక్తంలో తిరిగే బిలిరుబిన్ అరచేతి గుండా నీటిలోకి దిగిరాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయినట్లే, బెరడు పసరు సున్నంతో కలిసి పచ్చబడుతున్నది. ఆరోగ్యవంతుడు కడిగినా ఆ నీరు పచ్చబడుతుంది.

పసరుతో తగ్గిందనడానికీ ఒక కారణం ఉన్నది. హెపటైటిస్ ఏ సోకినవారిలో ఎక్కువమందికి కొన్ని వారాలలో వ్యాధి దానంతట అదే నయమవుతుంది. ఆ కీర్తి అప్పుడు తాగిన పసరుకు దక్కుతుంది. మన మొక్కలను పరిశోధించవద్దని మేము అనడం లేదు, పరిశోధన జరగవలసిందే. మేము అనేది ఒక్కటే: కారణం తెలియకముందు మందు నిర్ణయించరాదు. గర్భిణికి హెపటైటిస్ ఈ సోకితే ప్రాణాపాయం కలుగవచ్చును. నాళానికి అడ్డుపడిన రాయి పసరుకు కరగదు. బి, సి వైరసులు కళ్ళ పసుపు పోయిన తరువాత కూడా కొందరి కాలేయంలో ఏళ్ళ తరబడి నిలిచి ఉండగలవు.

విజ్ఞాన శాస్త్రం చదివే విద్యార్థి మిత్రులకు హీమ్ విచ్ఛిత్తి పరీక్షలో వచ్చే ఒక ప్రశ్న కావచ్చును. ఆ చదువు మన పుస్తకాలను దాటి మన వాడలకు చేరాలని మా కోరిక. ఇరుగుపొరుగున ఎవరి కళ్ళైనా పచ్చబడినట్లు కనిపిస్తే, మూత్రం రంగు ఎట్లా ఉన్నది, మలం రంగు ఎట్లా ఉన్నది, పసిబిడ్డ అయితే ఎన్నవ రోజున పసుపు కనిపించింది అని అడగడానికి పెద్ద డిగ్రీలు అక్కరలేదు. ఆ మూడు ప్రశ్నలు అడిగి, రక్తపరీక్షకు వెంటబెట్టుకొని పోగలిగితే, తరగతి గదిలో నేర్చినది ఒక ఇంటికి ఉపకరించినట్లే.